మిల్లులోకి ఎండను దించిన డైరీ: రెండు అద్దాలు, ఒక కిరణం

మిర్యాలగూడలో మూతపడ్డ ఒక రైస్‌మిల్లు గోదాం మాకు తొమ్మిది ఉదయాలు దొరికింది. తీయాల్సింది 40 సెకన్ల షాట్ ఒక్కటి. విడిపోయిన మొగుడూ పెళ్లాం చాలా ఏళ్లకు ఆ గోదాంలో ఎదురుపడతారు, మాట్లాడుకోరు. డైలాగు లేదు కాబట్టి వాళ్ల మధ్య ఏముందో వెలుగే చెప్పాలి.

కాపీ కొట్టింది ఎక్కడి నుంచో ముందే ఒప్పుకుంటాను. 1959లో గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్'లో 'వక్త్ నే కియా' పాట. ఖాళీ స్టూడియో, చుట్టూ చీకటి, పైనుంచి ఏటవాలుగా దిగే వెలుగు స్తంభం. గురుదత్, వహీదా రెహమాన్ దూరదూరంగా నిలబడే ఉంటారు, వాళ్ల లోపలి రూపాలు మాత్రం బయటికొచ్చి ఒకదానివైపు ఒకటి నడుస్తాయి. (మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయే ఈ వహీదా.) ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి, మైసూరు మనిషి, ఆ కిరణాన్ని లైట్లతో చేయలేదు. స్టూడియో బయట ఒక పెద్ద అద్దం, లోపల పైన ఇంకో అద్దం పెట్టి ఎండనే లోపలికి తెచ్చారు.

అరవై ఏళ్ల తర్వాత అద్దాలెందుకు, ఎల్‌ఈడీలు ఉన్నాయి కదా అనుకున్నాను. రెండు రోజులు అలాగే పోయాయి.

దశ 1: ఎల్‌ఈడీతో (ఫిబ్రవరి 1, 2)

పెళ్లి ఈవెంట్లకు లైట్లు ఇచ్చేవాళ్ల దగ్గర 300 వాట్ల ఎల్‌ఈడీ, ముందు బిగించే స్పాట్ లెన్స్ అద్దెకు తెచ్చాం. గోదాం పైకప్పు ఇనుప దూలానికి, 5 మీటర్ల పైన కట్టాం. కింద సాంబ్రాణి పొగ.

కొలతలు:

1. లైటుకు 1 మీటరు దూరంలో కాంతి వెడల్పు 40 సెం.మీ. 5 మీటర్ల దగ్గర 190 సెం.మీ.
2. వెలుగు కొలిచే లైట్ మీటరు రీడింగ్ (ఎఫ్ పక్క అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత ఎక్కువ) 2 మీటర్ల దగ్గర ఎఫ్/8. 4 మీటర్ల దగ్గర ఎఫ్/4. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు, పుస్తకంలో ఉన్నట్టే.

మా చిన్నాన్న కొడుకు మానిటర్ చూసి, "అన్నా, ఎండ లెక్క లేదు. పోలీసోళ్ల టార్చి లెక్క ఉంది" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. కారణం తెలియడానికి ఫుటేజీని ఆపి, వెలుగు అంచుల వెంబడి స్కేలు పెట్టి రెండు గీతలు గీశాను. గొడుగులా విచ్చుకున్న ఆ రెండు అంచులూ వెనక్కి వెళ్లి 5 మీటర్ల దగ్గర కలుస్తున్నాయి. చూసేవాడి కన్ను కూడా అదే చేస్తుంది. లైటు ఎక్కడుందో దొరికిపోతే గోదాం ఎంత ఉందో కూడా దొరికిపోతుంది. పైగా నడుం దగ్గరికి వచ్చేసరికి వెలుగు నీరసపడుతోంది. అంతపెద్ద గోదాం కాస్తా గది అయిపోయింది.

సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ కిరణం అంచులు దాదాపు సమాంతరం. ఎంత వెనక్కి గీసినా కలవవు. మనిషి చిన్నవాడైపోయేది ఆ కిరణం కింద. గురుదత్‌కు కావలసిన ఒంటరితనం సగం ఈ జామెట్రీలోనే ఉందని నా లెక్క.

ఖర్చు: అద్దె 800. మొత్తం: రూ. 800, 2 ఉదయాలు, పనికొచ్చిన షాట్లు 0.

దశ 2: అద్దాలు, వంకరలు (ఫిబ్రవరి 4, 5)

ఒక్క అద్దం చాలదా అని చాలామంది అడిగారు. బయట నేల మీద పెట్టిన అద్దం నుంచి ఎండ లోపలికి వస్తే కింది నుంచి పైకో, అడ్డంగానో వస్తుంది. ఆకాశం నుంచి దిగినట్టు ఉండాలంటే పైన ఇంకో అద్దం దాన్ని పట్టి కిందికి తిప్పాలి. అందుకని రెండు.

మొదట 4 మి.మీ. మందం, 3 అడుగులు × 4 అడుగుల అద్దాలు రెండు కొని, చెక్క ఫ్రేముల్లో అంచులకు మాత్రమే క్లిప్పులు వేయించాను. ఇదే పెద్ద తప్పు. మొదటి అద్దం నుంచి గోడ మీద పడ్డ వెలుగు దీర్ఘచతురస్రంగా రావాలి. తడి తువ్వాలు పిండినట్టు మెలికలతో వచ్చింది. మధ్యలో ఒక మచ్చ మాత్రం మిగతాదానికన్నా బాగా తెల్లగా ఉంది. అద్దం తన బరువుకే మధ్యలో కుంగి, ఎండను ఒకచోటికి పోగుచేస్తోంది. ఆ మచ్చలో చెయ్యి పెడితే చురుక్కుమంది. వెనకాలే గోనెసంచుల గుట్ట ఉంది. వెంటనే అద్దానికి దుప్పటి కప్పేశాం.

హెచ్చరిక: షాట్ లేనప్పుడు అద్దం మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంచండి. కళ్లతో నేరుగా దానివైపు చూడొద్దు. మా అద్దం ఒకసారి గాలికి తిరిగి రోడ్డు మీదికి కొట్టింది. వాచ్‌మన్ తాత పరుగెత్తుకొచ్చి, "బిడ్డా, లారీ డ్రైవర్ కండ్లల్ల పడితే ఏమైతదో ఎరికేనా?" అని తిట్టాడు. ఆ తర్వాత అద్దం పక్కన ఒక మనిషి కూర్చోకుండా గుడ్డ తీయలేదు.

మార్చింది ఇలా:

1. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, అద్దం కొలతకే కోయించాలి.
2. ప్లైవుడ్ మీద జానెడు దూరంలో డబుల్ సైడ్ ఫోమ్ టేపు చారలు, మధ్యలో సిలికాన్ చుక్కలు.
3. అద్దాన్ని సమమైన బండ మీద బోర్లా పెట్టి, వెనక ప్లైవుడ్ అంటించి, రోజంతా కదపకూడదు. పైన బరువు పెట్టకూడదు. మేం ఇటుకలు పెట్టి ఒక అద్దాన్ని మళ్లీ వంకర చేశాం, విప్పి మళ్లీ అంటించాం.
4. పరీక్ష: అద్దంలో కరెంటు తీగల ప్రతిబింబం చూడండి. తీగ తిన్నగా కనిపిస్తే అద్దం బాగున్నట్టు. పాములా కనిపిస్తే కాదు.

ఈ సమానం చేసే పనికి ఒకటిన్నర రోజు పట్టింది. మొత్తం ప్రాజెక్టులో ఇంత విసుగు ఇంకెక్కడా రాలేదు. ఇక్కడ తొందరపడితే మాత్రం మిగతాదంతా దండగ.

ఖర్చు: అద్దాలు 1,800, ఫ్రేములు 600 (పనికిరాలేదు), ప్లైవుడ్ 1,500, టేపు, సిలికాన్, బిగింపు సామాను 750. మొత్తం: రూ. 5,450, 4 ఉదయాలు, షాట్లు 0.

దశ 3: గురి, జారుడు (ఫిబ్రవరి 8, 9)

గోదాం షట్టరు తూర్పుకు. ఉదయం 10 గంటలకు ఎండ 42 డిగ్రీల ఎత్తులో ఉంది. బయటి అద్దం వాకిట్లో, పై అద్దం 5.2 మీటర్ల ఎత్తున దూలానికి. అద్దం నుంచి అద్దానికి 7 మీటర్లు. పై అద్దం నుంచి నేల మీద మచ్చకు 9 మీటర్లు. కిరణం నేలతో చేసే కోణం 35 డిగ్రీలు. 11:15 దాటితే పక్క షెడ్డు నీడ వాకిట్లోకి వస్తుంది, కాబట్టి రోజుకు మాకున్నది గంటా ముప్పావు.

గురి పెట్టడానికి మొదటిరోజు గంట పట్టింది. రెండోరోజు 6 నిమిషాలు. తేడా అంతా ఈ చిట్కాలో ఉంది:

1. బయటి అద్దం సరిగ్గా మధ్యలో నల్ల ఇన్సులేషన్ టేపుతో ప్లస్ గుర్తు వేయండి. దాని నీడ వెలుగు మచ్చ మధ్యలో పడుతుంది.
2. వెలుగు దారిలో బయటి అద్దం దగ్గర నుంచి ఒక మనిషి తెల్ల అట్ట పట్టుకుని నడవాలి. ప్లస్ నీడ అట్ట మీద ఉందా లేదా చూసుకుంటూ పై అద్దం దాకా తీసుకెళ్లాలి.
3. పై అద్దం మధ్యలో ప్లస్ నీడ పడ్డాక దాన్ని బిగించేయండి. ఆ తర్వాత తిప్పేది బయటి అద్దాన్నే.
4. అద్దాన్ని ఒక డిగ్రీ తిప్పితే వెలుగు రెండు డిగ్రీలు తిరుగుతుంది. చేతికి అతి తక్కువ కదలిక చాలు.
5. అంతా అయ్యాక టేపు తీసేయండి. మేం మర్చిపోయి మొదటి టేకంతా నేల మీద ప్లస్ గుర్తుతో తీశాం.

ఇక జారుడు. ఆకాశంలో సూర్యుడు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతాడు. 7 మీటర్ల దూరంలోని పై అద్దం మీద ఇది నిమిషానికి 3 సెం.మీ. పది నిమిషాల్లో మచ్చ ఒక అడుగు పక్కకు పోయి, కిరణం ఒక వైపు తెగిపోయింది. నేల దగ్గరికొచ్చేసరికి మొత్తం 16 మీటర్ల ప్రయాణం కదా, నిమిషానికి 7 సెం.మీ. జారుతోంది. కెమెరా కదలకుండా ఉన్నప్పుడు వెలుగు పాకడం 40 సెకన్లలోనే కనిపిస్తుంది.

మార్చింది: బయటి అద్దాన్ని పెద్దది చేశాం. 4 × 5 అడుగులు, 5 మి.మీ. మందం. దాని వెలుగు పై అద్దానికి అన్ని వైపులా పొంగిపొర్లుతుంది. కొంచెం జారినా పై అద్దం నిండుగానే ఉంటుంది. ఇంకో లాభం మేం ఊహించలేదు. కిరణం అంచును ఇప్పుడు పై అద్దమే కోస్తోంది కాబట్టి జారుడు లెక్క 16 మీటర్ల నుంచి కాక 9 మీటర్ల నుంచే. నిమిషానికి 4 సెం.మీ.కు తగ్గింది. ప్రతి టేకుకు ముందు బయట కూర్చున్న తమ్ముడు ఒక్క తట్టు తట్టి సరిచేస్తే సరిపోయింది.

ఎల్‌ఈడీకి పెట్టిన పరీక్షే దీనికీ పెట్టాను. పై అద్దం నుంచి 2 మీటర్ల దగ్గర కిరణం వెడల్పు 88 సెం.మీ. 8 మీటర్ల దగ్గర 94. ఆరు మీటర్లకు ఆరు సెంటీమీటర్లు. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి ఆ మాత్రం విచ్చుకోక తప్పదు. రీడింగ్ రెండుచోట్లా దాదాపు ఒకటే. రెండు అద్దాలూ కలిపి తిన్నది అర స్టాపు లోపే (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడమో రెట్టింపవడమో).

ఖర్చు: పెద్ద అద్దం, దానికి ప్లైవుడ్ 3,100. మొత్తం: రూ. 8,550, 6 ఉదయాలు, షాట్లు 1 (ప్లస్ గుర్తుతో).

దశ 4: చీకటి, పొగ (ఫిబ్రవరి 11)

రేకుల కప్పుకు ఎన్ని చిల్లులున్నాయో షట్టరు మూశాకే తెలిసింది. నేలంతా గుండ్రటి వెలుగు బిళ్లలు. చిల్లు ఏ ఆకారంలో ఉన్నా బిళ్ల గుండ్రమే, ఎందుకంటే కింద పడేది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా మాకు శత్రువులు. పాత ఎన్నికల ఫ్లెక్సీలు తిరగేసి కట్టాం. పార్టీ పేరు చెప్పను గానీ ఒక నాయకుడు మూడు గంటలు తలకిందులుగా వేలాడాడు.

పొగ లేకపోతే కిరణం లేదు, నేల మీద మచ్చ ఒక్కటే ఉంటుంది. సాంబ్రాణి ఆ గోదాంకు ఏ మూలకూ సరిపోలేదు. తవుడు చల్లితే దుమ్ము లేస్తుంది కదా అని ఒకరన్నారు. మూసిన గోదాంలో తవుడో పిండో గాల్లో లేపి, దగ్గర్లో నిప్పు ఉంటే పేలుతుంది. ఆ పని ఎవరూ చేయొద్దు. చివరికి పెళ్లి స్టేజీల మీద వాడే పొగ మెషీన్ తెచ్చాం.

దీనితో మూడు తప్పులు:

1. పొగ వదిలిన వెంటనే షాట్ తీశాం. మబ్బులు మబ్బులుగా వచ్చి వధూవరుల ఎంట్రీలా ఉంది. 8 నుంచి 10 నిమిషాలు ఆగి, టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి నెమ్మదిగా కలిపితే పలచగా, సమంగా పరుచుకుంటుంది.
2. కెమెరాను కిరణానికి వెలుగు వచ్చే వైపే పెట్టాం. కిరణం నీళ్లమజ్జిగలా పలచగా కనిపించింది. కెమెరాను అవతలికి, పై అద్దానికి ఇంచుమించు ఎదురుగా తీసుకెళ్తే అదే పొగలో కిరణం రెండు స్టాపులు ఎక్కువ మెరిసింది. పొగ కణాలు వెలుగును ముందుకే ఎక్కువ చిమ్ముతాయి. ఇది తెలియక మెషీన్‌ను దండిస్తూ రెండు లీటర్ల ద్రవం తగలేశాం.
3. పొగ ఉన్నచోటల్లా ఎండ కనిపిస్తుంది. అంటే బయటి అద్దం నుంచి పై అద్దానికి ఎక్కే కిరణం కూడా! ఫ్రేములో తలకిందులైన 'వి' అక్షరం వచ్చింది. షట్టరు దగ్గర నిలువునా నల్లగుడ్డ తెర కట్టి, ఆ ఎక్కే కిరణాన్ని తెర వెనక్కి నెట్టాం.

ఖర్చు: నల్లగుడ్డ 1,800, మెషీన్ మూడు రోజుల అద్దె 2,100, ద్రవం 900. మొత్తం: రూ. 13,350, 7 ఉదయాలు, షాట్లు 1.

దశ 5: కిరణం వచ్చింది, బాధ రాలేదు (ఫిబ్రవరి 14)

ఆ ఉదయం అన్నీ కుదిరాయి. నటుణ్ణి కిరణం మధ్యలో నిలబెట్టాను. అది సహజంగా తోచే పని, ఇంత కష్టపడి తెచ్చిన వెలుగును మనిషి మీద వేయకుండా ఎలా ఉంటాం? మానిటర్లో చూస్తే దేవుడు ప్రత్యక్షమైనట్టుంది. భుజాల మీద తెల్లటి మెరుపు, చుట్టూ పొగ. శంఖం ఊదడమే తక్కువ. నాయిక పాత్ర వేస్తున్న అక్క, "నేను వరం అడగాలా తమ్ముడూ?" అని నవ్వేసింది.

రెండు గంటల కష్టం తర్వాత వచ్చింది విరహం కాదు, పౌరాణికం.

అక్కడే ఆ పాటను సౌండ్ తీసేసి ఆరుసార్లు చూశాను. గురుదత్ పద్ధతి ఇప్పుడు వేరేలా కనిపించింది. అక్కడ వెలుగు మనుషులకు ఇచ్చిన కానుక కాదు, వాళ్ల మధ్య ఉన్న దూరానికి కట్టిన కొలత. మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం అది. అంత వెడల్పు తెరను జనంతోనో సెట్టింగులతోనో నింపకుండా ఖాళీగా వదిలేశాడు. మనుషులిద్దరూ ఆ ఖాళీలో తప్పిపోయినట్టుంటారు.

మార్చింది మూడే మూడు:

1. ఇద్దర్నీ కిరణం బయటికి పంపాను. అంచుకు చెరోవైపు, ఒక్కొక్కరు మచ్చకు దాదాపు 2 మీటర్ల దూరంలో. నేల మీద సుద్దతో గీత. దాటకూడదు.
2. వాళ్ల మీద విడిగా లైటు లేదు. నేల మీద మచ్చ నుంచి ఎగిరే వెలుగే ముఖాలకు దిక్కు.
3. ఫ్రేమును 1920 × 817కు కోశాను, అంటే 2.35:1. పైన కింద పోయింది, పక్కలు మిగిలాయి.

మొదటి చూపులోనే తేడా తెలిసింది. మరీ చీకటైంది అంతే. కెమెరా ఐఎస్ఓ (సున్నితత్వం) 200 దగ్గర నేల మచ్చ ఎఫ్/16, ముఖాలు ఎఫ్/2. ఆరు స్టాపుల తేడా. బూడిదరంగు సిమెంటు నేల వెలుగును మింగేస్తోంది. ఎల్‌ఈడీ పెడదామని చెయ్యి వెళ్లింది గానీ ఆపుకున్నాను. గుడ్డతో ముఖాలు వెలిగించడం మన సినిమాలో పాత విద్యే. 1956లో సత్యజిత్ రే 'అపరాజితో' కోసం స్టూడియోలో వేసిన కాశీ ఇంటి సెట్టు మీద ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర తెల్లగుడ్డ పరిచి, దాని మీద నుంచి తిరిగొచ్చే వెలుగుతో ముంగిలి వెలుతురు తెప్పించారు. మా దగ్గర తాత ఉతికి ఆరేసిన తెల్ల పంచె ఉంది. నేల మచ్చ పడే చోట, కెమెరాకు కనపడని సగంలో పరిచాం. ముఖాలు ఎఫ్/2.8 దాటాయి. తేడా నాలుగున్నర స్టాపులు. కళ్లు కనిపిస్తున్నాయి, చెంపలు చీకట్లోనే ఉన్నాయి. అంతకన్నా వద్దు.

ఖర్చు: పంచెకు బదులు కొత్త పంచె 450. మొత్తం: రూ. 13,800, 8 ఉదయాలు, షాట్లు 1. ఆ మార్పులు పెట్టేసరికి మబ్బు పట్టింది.

దశ 6: షాట్ (ఫిబ్రవరి 16)

క్రమం, నిమిషాలతో:

1. 9:10 పొగ వదిలి షట్టరు మూత. ఫ్యాను 5 నిమిషాలు.
2. 9:25 షట్టరు మళ్లీ ఎత్తి, బయటి అద్దం గుడ్డ తీసి గురి. టేపు తీశారా అని ముగ్గురు వేర్వేరుగా చూడాలి.
3. 9:35 మచ్చ దగ్గర, రెండు ముఖాల దగ్గర రీడింగ్.
4. 9:40 మొదటి టేకు.
5. ప్రతి రెండు టేకులకు పొగ, మళ్లీ 8 నిమిషాలు ఆగడం.

కెమెరాను మొదట స్టాండు మీదే ఉంచాను. మూడు టేకులు ఫొటోలా వచ్చాయి. నాలుగో దానికి తోపుడు బండి చక్రాల మీద బల్ల వేసి, 40 సెకన్లలో మీటరున్నర వెనక్కి లాగాం. కెమెరా వెనక్కి జరిగేకొద్దీ ఇద్దరి పక్కనా చీకటి పెరుగుతూ పోయింది. నటుడు ముందుకు నడిచి సుద్దగీత దగ్గర ఆగాడు. బూటు కొన మాత్రం వెలుగులోకి వచ్చింది. అది నేను చెప్పింది కాదు, పొరపాటున జరిగింది. ఉంచేశాను.

ఏడు టేకులు తీశాం. 11:08కి షెడ్డు నీడ వాకిట్లోకి దిగింది.

లాప్‌టాప్‌లో తాతకు చూపించాను. ఏ సినిమా, ఎవరు తీశారు అని ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి, "మిల్లు నడిచిన రోజులల్ల పొద్దున ఊక దుమ్ములకెల్లి ఎండ ఇట్లనే వస్తుండె. గాళ్లిద్దరు మాట్లాడుకోరేంది?" అన్నాడు.

చివరి మొత్తం: రూ. 13,800, 9 ఉదయాలు, వాడుకున్నది 1 టేకు (నాలుగోది). పెద్ద అద్దం తెచ్చిన దుకాణం వాళ్లు సగం ధరకు వెనక్కి తీసుకుంటామన్నారు, నేనే ఇవ్వలేదు. చిన్న అద్దాలు రెండూ ప్లైవుడ్‌తో సహా మా ఇంటి మేడ మీద గోడవైపు తిప్పి, గోనె కప్పి ఉన్నాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే పట్టుకెళ్లొచ్చు. రెండోదానికి ఎడమ మూల పగులుంది, కిరణంలో కనపడదు.